దరఖాస్తులోని ఒక గడి

2023వ సంవత్సరపు సివిల్ సర్వీసెస్ పరీక్షకు 10,16,850 మంది దరఖాస్తు చేశారు. వారిలో ప్రిలిమినరీ పరీక్ష వ్రాసినవారు 5,92,141 మంది. అంటే నాలుగు లక్షల మందికి పైగా దరఖాస్తు చేసి కూడా పరీక్ష నాడు కేంద్రానికి వెళ్లలేదు. చివరకు వివిధ సర్వీసులకు ఎంపికైనవారు 1,016 మంది. పత్రికలు ఈ వెయ్యి మందిని గురించి వ్రాస్తాయి, వారి ఛాయాచిత్రాలను ప్రచురిస్తాయి. అది సముచితమే. కాని నా ఆలోచన మాత్రం ఆ నాలుగు లక్షల మంది చుట్టూ తిరుగుతూ ఉంటుంది. ఒకప్పుడు నేనూ అటువంటి వారిలో ఒకణ్ణి.

అది 1994వ సంవత్సరం. తెలుగు ఎం.ఏ. పూర్తిచేసి పరిశోధనలో చేరిన రోజులు. వసతిగృహంలో నా గదిలోని మిత్రులు దరఖాస్తు పత్రాలు తెచ్చుకొంటే నేనూ ఒకటి తెచ్చుకొన్నాను. దానిని నింపడానికి ఒక సాయంకాలం పట్టింది. కొన్నాళ్లకు హాల్ టికెట్టు వచ్చింది. పరీక్ష ఇంకా వారం ఉందనగా మా ఊరికి వెళ్లిపోయాను. ఇంట్లో అడిగితే జ్వరమన్నాను. జ్వరం కాదు, భయం. ఆంగ్లంలో ఆలోచించి, ఆంగ్లంలో వ్రాసి, ఆంగ్లంలో మాట్లాడగలవారికే ఆ పరీక్ష అని గట్టిగా నమ్మాను. మెయిన్ పరీక్షను తెలుగులో వ్రాయవచ్చునన్న సంగతి నాకు రెండేళ్ల తరువాత గాని తెలియలేదు. ఎవరూ చెప్పలేదని కొంతకాలం నొచ్చుకొన్నాను. నిజానికి ఆ సంగతి నియమావళిలోనే ఉంది. నేను చదవలేదు.

నా వద్దకు వచ్చే విద్యార్థులు ఏ పుస్తకాలు చదవాలి, ఏ శిక్షణాలయంలో చేరాలి, ఢిల్లీ మేలా, హైదరాబాదు మేలా అని అడుగుతారు. దరఖాస్తును గురించి అడిగేవారు అరుదు. అది అరగంటలో ముగిసే గుమాస్తా పని అని వారి భావన. రుసుము నూరు రూపాయలే. స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి, దివ్యాంగులకు అదీ లేదు. సులభంగా లభించే దానిని మనం తేలికగా చూడడం సహజం. నా అభిప్రాయం వేరు. ఏ భాషలో వ్రాయాలి, ఏ ఐచ్ఛిక విషయాన్ని ఎంచుకోవాలి అన్న రెండు నిర్ణయాలూ దరఖాస్తు దశలోనే జరిగిపోతాయి. ఆ తరువాత సంవత్సరాల తరబడి చేసే శ్రమ అంతా ఆ నిర్ణయాల మీదనే నిలబడవలసి ఉంటుంది.

భాషకు సంబంధించిన ఆ చిన్న గడి వెనుక పెద్ద చరిత్ర ఉంది. ఈ ఉద్యోగాలకు పోటీ పరీక్ష 1855లో లండనులో మొదలైంది. ఆ పరీక్షలో గ్రీకు, లాటిన్ భాషలకు కేటాయించిన మార్కులు ఎక్కువ. సంస్కృతానికి, అరబ్బీకి తక్కువ. భారతీయుడు దరఖాస్తు చేయాలంటే ముందు సముద్రం దాటాలి. ఆ అడ్డంకులను దాటి 1863లో నెగ్గిన మొదటి భారతీయుడు సత్యేంద్రనాథ్ ఠాగూరు. భారతదేశంలోనూ ఆ పరీక్షను నిర్వహించడం 1922లో గాని ఆరంభం కాలేదు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా ఆంగ్లం కోట గోడవలె నిలిచే ఉంది. కొఠారీ సంఘం సిఫారసులను అనుసరించి 1979లో పరీక్షావిధానం మారినప్పుడు, రాజ్యాంగంలోని ఎనిమిదవ షెడ్యూలు భాషలలో మెయిన్ పరీక్ష వ్రాసే వీలు కలిగింది. ఆ వీలును కుదించే ప్రయత్నమూ జరిగింది. ఏ భాషలో వ్రాయదలచారో ఆ మాధ్యమంలోనే డిగ్రీ చదివి ఉండాలనీ, కనీసం 25 మంది ఆ భాషను కోరాలనీ 2013 మార్చిలో కొత్త నిబంధనలు వెలువడ్డాయి. పార్లమెంటులోను, వెలుపల కూడా నిరసన చెలరేగగా ఆ నెలలోనే వాటిని వెనక్కి తీసుకొన్నారు. కనుక ఆ గడిలో 'తెలుగు' అని నింపగలగడం ఎవరో దయతో ఇచ్చిన సౌకర్యం కాదు. శ్రీకాకుళం జిల్లాకు చెందిన రోణంకి గోపాలకృష్ణ ఉపాధ్యాయుడుగా పనిచేస్తూ తెలుగు మాధ్యమంలో వ్రాసి 2016 పరీక్షలో మూడవ ర్యాంకు పొందారు. ఆ వార్త చదివిన నాడు నా పాత హాల్ టికెట్టు గుర్తుకు వచ్చింది.

అలాగని అందరూ తెలుగులోనే వ్రాయండని నేను అనను. ప్రిలిమినరీ ప్రశ్నపత్రం ఆంగ్లంలోను, హిందీలోను మాత్రమే ఉంటుంది. మెయిన్ పరీక్షలో మీరు తెలుగులో వ్రాసినా, సామాన్య అధ్యయన పత్రాల ప్రశ్నలను ఆంగ్లంలోనో హిందీలోనో చదివి అర్థం చేసుకోవాలి. ఇవి గాక 300 మార్కుల ఆంగ్లపత్రం ఒకటి ఉంది. అందులో 25 శాతం తప్పక రావాలి. ప్రామాణిక గ్రంథాలు తెలుగులో తక్కువ. దాచిపెట్టి ప్రోత్సహించడం గురువుకు తగదు గనుక ఈ మాట కూడా చెబుతున్నాను. ఆంగ్లాన్ని చదివి గ్రహించగల శక్తి ఉండి, మనసులోని మాటను తెలుగులోనే నిర్దుష్టంగా చెప్పగలనని అనిపిస్తే ఆ గడిలో తెలుగు నింపవచ్చు. ఆంగ్లమంటే భయం వల్ల తెలుగును ఎంచుకోవడం, నేను మా ఊరికి పారిపోవడం వంటిదే.

మరొక సంగతి మన ఇంటర్మీడియట్ విద్యార్థులకు తెలియదు. ఆంగ్లంలో వ్రాసేవారికి కూడా సాధారణంగా ఒక భారతీయ భాషాపత్రం తప్పదు. అదీ 300 మార్కులదే. వ్యాసం, గద్యావగాహన, సంక్షిప్తీకరణ, ఆంగ్లం నుండి మన భాషకు, మన భాష నుండి ఆంగ్లానికి అనువాదం - ఇవి అందులోని అంశాలు. ఆ మార్కులు ర్యాంకుకు లెక్కలోకి రావు. కాని 25 శాతం రాకపోతే తక్కిన పత్రాలను దిద్దనే దిద్దరు! మార్కుల కోసం తెలుగును వదలి మరొక భాషను ద్వితీయ భాషగా తీసుకొని, అయిదారేళ్లు తెలుగులో ఒక పేజీ కూడా వ్రాయకుండా గడిపినవారు అక్కడ తడబడతారు. సంస్కృతం మీద నాకు గౌరవం లేక ఈ మాట అనడం లేదు. నా పరిశోధన అంతా దాని నీడలోనే సాగింది. శ్రద్ధతో చదివితే ఏ భాష అయినా అన్నం పెడుతుంది. మార్కుల యంత్రంగా చూస్తే ఏ భాషా మిగలదు.

ఇక ఐచ్ఛిక విషయం. 'ఫలానా దానికి మార్కులు బాగా వస్తాయట' అన్న వదంతిని నమ్మి ఎంచుకొనేవారే ఎక్కువ. తెలుగు సాహిత్యాన్ని ఎంచుకొంటే నాకు సంతోషమే. కాని ఒక్క పద్యాన్నైనా గైడు సహాయం లేకుండా చదవనివారు దాని జోలికి పోకపోవడం మంచిది. ఆ పాఠ్యప్రణాళికలో తిక్కన శ్రీకృష్ణరాయబారం ఉంది. తిక్కన నెల్లూరి మనుమసిద్ధి వద్ద మంత్రి. సంధి మాటలు ఎట్లా నడుస్తాయో, ఎదుటివాని కోపాన్ని ఎంతవరకు సాగనివ్వాలో ఎరిగినవాడు. ప్రాజెక్టు కింద భూములు కోల్పోయే రైతులకూ ప్రభుత్వానికీ నడుమ నిలబడి మాట్లాడవలసిన అధికారికి ఈ ఘట్టం ఉపయోగపడదని ఎవరనగలరు? ఉద్యోగమనే మాటకు పూర్వం ప్రయత్నమని అర్థం. ఉద్యోగపర్వంలోని ఉద్యోగం అదే. జీతం అన్న అర్థం మనం తరువాత కలుపుకొన్నాము.

ప్రిలిమినరీలో ఒక్క పత్రానికి హాజరైనా ఒక అవకాశం ఖర్చయినట్లే. సాధారణ అభ్యర్థులకు 32 ఏళ్ల వయస్సు వరకు ఆరు అవకాశాలు. వెనుకబడిన తరగతుల వారికి తొమ్మిది. షెడ్యూల్డు కులాల, తెగల వారికి వయఃపరిమితి తప్ప అవకాశాల లెక్క లేదు. అందువల్ల సిద్ధంగా లేనివారు వెళ్లకపోవడం వివేకమే కావచ్చు. నాలుగు లక్షల మందీ పిరికివారని నేను అనుకోను. అయితే 'ఈసారి కాకపోతే మరొకసారి' అంటూ యౌవనమంతా అద్దెగదులలో గడిపి, ముప్పై దాటాక ఏ వృత్తీ చేతిలో లేక ఇంటికి వచ్చినవారిని కూడా నేను చూశాను. ఎన్ని పర్యాయాలు ప్రయత్నిస్తానో, ఆపైన దేని మీద బ్రతుకుతానో మొదటి దరఖాస్తుకు ముందే తల్లిదండ్రులతో కూర్చొని మాట్లాడుకోవాలి. ఆ మాట ఎత్తడం అపశకునమని పెద్దలు అనుకొంటారు. అయినా ఎత్తాలి.

మీకింకా నాలుగైదేళ్ల వ్యవధి ఉంది. ఏ డిగ్రీ అయినా చాలు. ఇప్పుడు మీరు చదువుతున్న గ్రూపు ఏదైనా అడ్డు కాదు. నేను ప్రతి సంవత్సరం కమిషన్ ప్రకటనను ముద్రించి మా కళాశాల గ్రంథాలయంలో ఉంచుతాను. చదవడానికి రెండు మధ్యాహ్నాలు పడతాయి. అర్థం కాని చోట పెన్సిలుతో గీత పెట్టి తెలుగు విభాగానికి తీసుకొని రమ్మని మా పిల్లలకు చెబుతాను. నిరుడు ఆ ప్రతి నా వద్దకు తిరిగి వచ్చినప్పుడు, భాషామాధ్యమాన్ని గురించిన పేరా ప్రక్కన ముగ్గురి చేతివ్రాతలలో మూడు ప్రశ్నార్థకాలు ఉన్నాయి.