‘పసిపిల్ల, మర్చిపోతదిలే!’

మెదక్‌లో మా చిన్నమ్మ ఇంటి అరుగు మీద ఆ పాప నాలుగు రోజుల్లో నలభై ఒళ్లు మారింది. రెండేళ్ల మూడు నెలల పిల్ల. పై పెదవి మీద గ్రహణం మొర్రికి చేసిన ఆపరేషన్ తాలూకు సన్నని గీత. డాలస్‌లో స్థిరపడ్డ మా తమ్ముడూ మరదలూ దత్తత తీసుకున్నారు. పాప ఉన్న జిల్లా కలెక్టర్ ఉత్తర్వు ఇచ్చారు, పాస్‌పోర్టు వచ్చింది. వీసా కోసం ఢిల్లీ వెళ్లేలోపు నానమ్మకూ తాతకూ, అంటే మా చిన్నమ్మకూ బాబాయికీ, చూపిద్దామని తీసుకొచ్చారు.

పాప ఎవరు చేతులు చాపితే వాళ్ల దగ్గరికి పోయింది. మెదక్ చర్చి చూపించడానికి ఒకరు ఎత్తుకెళ్లారు, ఏడుపాయల దుర్గమ్మ దగ్గర కొబ్బరికాయ కొట్టించడానికి ఇంకొకరు. ఏడవలేదు, మారాం చేయలేదు, నోట్లో ఏది పెడితే అది మింగింది. పనిలేనప్పుడు మాత్రం గౌను అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని అదే పనిగా నలిపేది. చూడటానికి వచ్చిన చుట్టాలందరూ తలా ఓ మాట అన్నారు. ఏరి చూస్తే అవి నాలుగే. ‘ఎంత బుద్ధిమంతురాలు, అస్సలు ఏడుస్తలేదు.’ ‘కొత్త లేదు పాత లేదు, అందరి దగ్గరికి పోతది.’ ‘అదృష్టం రాసిపెట్టుంది, ఏకంగా అమెరికా పోతుంది.’ ఇక చివరిది, మిగిలిన మూడింటికీ వేరులాంటిది: ‘పసిపిల్ల, నాలుగు రోజులైతే అన్నీ మర్చిపోతది.’

ప్రేమతో అన్న మాటలే, కాదనను. కానీ నాలుగూ తప్పు. ప్రేమతో అన్నవి కాబట్టి ఎవరూ కాదనకుండా చెల్లిపోతున్నాయి.

మొదట ఆ ఏడవకపోవడం సంగతి. 1952లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే పరిశోధకుడు లండన్‌లో ఒక చిన్న సినిమా తీశాడు. రెండున్నరేళ్లు కూడా నిండని పిల్ల చిన్న ఆపరేషన్ కోసం ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంటుంది. అమ్మానాన్నలను చూడటానికి కాసేపే రానిచ్చే కాలం అది. పిల్ల పెద్దగా గోల చేయదు. ఏడుపు వచ్చినప్పుడల్లా ముఖం బిగించి ఆపుకుంటుంది. సినిమా చూసిన డాక్టర్లలో చాలామంది మండిపడ్డారు. మా వార్డుల్లో పిల్లలు హాయిగా ఉంటారు, మొదట్లో ఏడ్చినా తర్వాత కుదురుకుంటారు అన్నది వాళ్ల వాదన. రాబర్ట్‌సన్, ఆయనతో కలిసి పనిచేసిన జాన్ బౌల్బీ చూపించింది సరిగ్గా దానికి వ్యతిరేకం. తనవాళ్లు కనబడకపోతే పిల్ల ముందు గోల చేస్తుంది, తర్వాత ఆశ వదులుకుంటుంది, ఆ తర్వాత ఎవరితోనూ పట్టనట్టు అయిపోతుంది. నర్సులు ‘కుదురుకుంది’ అనుకునేది ఈ రెండో దశనూ మూడో దశనూ. 1959లో బ్రిటన్ ప్రభుత్వ కమిటీయే తల్లిదండ్రులను వార్డుల్లోకి ధారాళంగా రానివ్వాలని సిఫార్సు చేయాల్సి వచ్చింది. మన అరుగు మీద మాత్రం ఇప్పటికీ 1952కు ముందు కాలమే నడుస్తోంది.

‘అందరి దగ్గరికి పోతది’ అన్న మాట ఇంకా విచిత్రం. ఇంట్లో పెరిగిన రెండేళ్ల పిల్లను కొత్తవాళ్లు ఎత్తుకోబోతే ఏం చేస్తుంది? అమ్మ కొంగు చాటుకు పోతుంది, కాళ్లకు చుట్టుకుంటుంది. నా మనిషి ఎవరో, పరాయి మనిషి ఎవరో తెలిసిన పిల్ల చేసే పని అది. ఈ పాప పెరిగిన శిశుగృహంలాంటి చోట ఒక ఆయమ్మ చేతిలో చాలామంది పిల్లలు ఉంటారు. పొద్దున ఒకరు, రాత్రి ఒకరు, నెల మారితే ఇంకొకరు. ఆయమ్మల తప్పు కాదు, ఆ ఏర్పాటే అంత. అలా పెరిగిన పిల్ల ఏ చేతులు దొరికితే ఆ చేతుల్లోకి పోవడం నేర్చుకుంటుంది. రొమేనియా అనాథాశ్రమాల నుంచి 1990ల్లో బ్రిటన్ చేరిన దత్తపిల్లలను మైకేల్ రట్టర్ పరిశోధక బృందం పెద్దయ్యేదాకా గమనించింది. ఆరు నెలల వయసులోపే బయటపడినవాళ్లు చాలావరకు తేరుకున్నారు. అంతకన్నా ఎక్కువ కాలం అక్కడే ఉన్నవాళ్లలో కొందరికి ముక్కూ మొహం తెలియనివాళ్ల దగ్గరికి కూడా జంకు లేకుండా పోయే అలవాటు ఏళ్ల తరబడి మిగిలింది. మనం కలుపుగోలుతనమని మురిసిపోయేది, వాళ్లు జాగ్రత్తగా రాసుకున్న లక్షణం.

అదృష్టం దగ్గరికి వద్దాం. ఇక్కడ నన్ను అపార్థం చేసుకునే వీలుంది కాబట్టి ముందే చెబుతున్నాను, దత్తతకు నేను వ్యతిరేకిని కాను. వరుసల్లో పేర్చిన ఉయ్యాలల మధ్య కంటే ఒక ఇంట్లో పెరగడం వెయ్యి రెట్లు మేలు. పైగా మన దగ్గర దత్తత కోరేవాళ్లు ఏళ్ల తరబడి వరుసలో ఉన్నా, గ్రహణం మొర్రి అనగానే చాలామంది వెనక్కి తగ్గుతారు. విదేశాల్లో ఉన్నవాళ్ల దాకా వెళ్లే పిల్లల్లో వైద్యం అవసరమైనవాళ్లు, కాస్త వయసొచ్చినవాళ్లే ఎక్కువ. అలాంటి పాపను కోరి తెచ్చుకున్న మా మరదలంటే నాకు గౌరవం. అయినా ‘అదృష్టవంతురాలు’ అని పాప నెత్తిన పెట్టే మాట అప్పుపత్రం లాంటిది. కన్నబిడ్డను ఎవరూ అలా అనరు. పెంచుకున్న పిల్లను మాత్రం బడిలో చేరినప్పుడు అంటారు, ఎదురు చెప్పినప్పుడు అంటారు, పెళ్లినాడు కూడా అంటారు. దత్తబిడ్డకు కన్నబిడ్డతో సమానమైన హక్కులు చట్టం ఇచ్చింది. అలిగే హక్కు, దిగులుపడే హక్కు కూడా ఇందులో ఉన్నట్టే కదా!

‘విదేశాలకు దత్తత అంటేనే అమ్మకం, దీని గురించి సున్నితంగా రాయడమేంటి’ అనేవాళ్లు కూడా మన మధ్య ఉన్నారు. వాళ్ల కోపానికి చరిత్ర ఉంది. 1999లో, మళ్లీ 2001లో మెదక్, నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల తండాల నుంచి లంబాడా ఆడపిల్లలను చవగ్గా కొని, కాగితాలు పుట్టించి విదేశాలకు పంపిన వ్యవహారం బయటపడింది. అరెస్టులు జరిగాయి. పేదరికమనో, ఆడపిల్ల పుట్టిందనో బిడ్డను అప్పగించడాన్ని 2001లోనే అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. అంతకుముందే, 1984లో లక్ష్మీకాంత్ పాండే కేసులో సుప్రీంకోర్టు విదేశీ దత్తతలకు గట్టి నియమాలు పెట్టింది. దేశాల మధ్య దత్తతలపై 1993లో కుదిరిన హేగ్ ఒప్పందాన్ని భారత్ 2003లో ఆమోదించింది. ఇప్పుడు కన్నవాళ్లు బిడ్డను అప్పగించినా మనసు మార్చుకోవడానికి 60 రోజుల గడువుంది. బిడ్డ ఎక్కడి నుంచి వచ్చింది, డబ్బు చేతులు మారిందా అని అడగడం నేర్చుకున్నాం, మంచిదే. కానీ ఆ అడగడం విమానాశ్రయం గేటు దగ్గర ఆగిపోతోంది. కొన్నారా లేదా అని ఆరా తీసినవాళ్లు కూడా, చట్టం ప్రకారం పోయిన పిల్ల మొదటి వారం ఎలా నిద్రపోయిందని అడగలేదు. ఎందుకంటే ఆ నాలుగో మాటను వాళ్లూ నమ్ముతారు. మర్చిపోతది.

మర్చిపోతుందా? సంఘటనలు మర్చిపోతుంది, నిజమే. రెండేళ్లప్పుడు జరిగింది మీకూ నాకూ గుర్తులేదు. కానీ గుర్తులేకపోవడం వేరు, లేకుండా పోవడం వేరు. మన భాషలోంచే ఒక ఉదాహరణ. ఒళ్లో ఉన్న పిల్లకు మనం మొదట నేర్పే మాటల్లో రెండు: ‘తాత’, ‘టాటా’. ఒకటి మనిషి, ఒకటి వీడ్కోలు. రెంటికీ తేడా నాలుక పళ్లను తాకిందా, మెలిదిరిగి అంగిలిని తాకిందా అన్నదే. ఇంగ్లీషు చెవికి ఈ తేడా సరిగ్గా అందదు. 2011లో లెహెర్ సింగ్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు అచ్చంగా ఈ త-ట తేడానే పరీక్షకు పెట్టారు. పసితనంలో భారత్ నుంచి అమెరికాకు దత్తత వెళ్లి, ఇక్కడి భాష ఒక్క ముక్క రాకుండా పెరిగిన పిల్లలను, అక్కడే పుట్టి పెరిగిన అమెరికా పిల్లలను కూర్చోబెట్టి ఈ ధ్వనులు వినిపించారు. మొదట రెండు గుంపులకూ తేడా పట్టుబడలేదు. కొద్దిపాటి సాధన తర్వాత దత్తపిల్లలు పట్టుకున్నారు, మిగతావాళ్లు పట్టుకోలేకపోయారు. 2014లో మాంట్రియల్‌లో ఇంకో బృందం చైనా నుంచి దత్తత వచ్చి ఫ్రెంచి మాత్రమే తెలిసిన అమ్మాయిల మెదడును స్కాన్ చేసింది. భాష దూరమై సగటున పన్నెండేళ్లు దాటినా, చైనీస్ స్వరాలు విన్నప్పుడు వాళ్ల మెదడు ఆ భాష మాట్లాడేవాళ్ల మెదడులాగే స్పందించింది.

మాట పోయినా చెవి దాచుకుంది. భాషనే ఇంత భద్రంగా దాచుకున్న ఒళ్లు, ఎత్తుకున్న చేతులనూ, చేతులు మారిన భయాన్నీ మాత్రం తుడిచేసుకుంటుందని ఏ ధైర్యంతో అంటాం?

‘అయితే ఏం చేయమంటావ్, కూర్చోబెట్టి ఏడిపించమంటావా?’ అని మా చిన్నమ్మే అడిగింది. ఏడిపించమని కాదు, ఏడిస్తే భయపడొద్దని. డాలస్ చేరిన మూడో రాత్రి మరదలు ఫోన్ చేసింది. ‘అక్కా, అక్కడ ఎంత మంచిగుండె! ఇక్కడికొచ్చినంక ఏమైందో, రాత్రంతా ఒకటే ఏడుపు. నన్ను బాత్రూముకు కూడా పోనిస్తలేదు. మీ తమ్ముడు ఎత్తుకుంటే గింజుకుంటుంది.’ పగలూ రాత్రీ తారుమారైన ఊళ్లో మూడు రోజులుగా నిద్రలేని గొంతు అది. ఇక్కడ చిన్నమ్మ వెంటనే దిష్టి అన్నది, ఎండుమిరపకాయలు తిప్పింది. అక్కడి స్నేహితులు ‘ఇంగ్లీషే మాట్లాడండి, తొందరగా కలిసిపోతుంది’ అన్నారు. వారం తిరగకముందే పాపను అందరికీ పరిచయం చేసే పార్టీకి హాలు మాట్లాడే ప్రయత్నం కూడా మొదలైంది.

పాప పాడవలేదు. రెండేళ్లలో మొదటిసారి ఆమె ఏడుపుకు ఒక చిరునామా దొరికింది. ఒకే మనిషి, ఒకే వాసన, రాత్రి లేచినా అదే ముఖం. ఆ ముఖం కాసేపు కనబడకపోతే కొంప మునిగినట్టు ఏడ్చింది. శిశుగృహంలో ఏడవడం మానేసిన పిల్ల ఇక్కడ ఏడ్చిందంటే, ఏడిస్తే ఎవరో వస్తారని నమ్మడం మొదలుపెట్టిందన్నమాట. మరదలికి ఇదే చెప్పాను. పార్టీ వద్దు. కొన్ని వారాలు మీరిద్దరే ఎత్తుకోండి, మీరిద్దరే తినిపించండి. బ్రేక్‌ఫాస్ట్ సీరియల్ పక్కన పెట్టి మెత్తగా కలిపిన పప్పన్నం పెట్టండి. ‘బువ్వ’, ‘లాల’, ‘బజ్జో’ అనే మాటలు మార్చకండి. పిలిచే పేరు మార్చకండి. అదే మాట ఈ పిల్లల్ని తీసుకెళ్లే తెల్లవాళ్లకు కూడా చెబుతాను. తెలుగంతా రానక్కర్లేదు, ఆ పది మాటలు నేర్చుకుంటే చాలు. పాప తండా నుంచి వచ్చి ఉంటే లంబాడీలో ఐదు మాటలు.

ఇదేమీ నా సొంత వేదాంతం కాదు. పిల్లల పెంపకంలో కొనసాగింపునూ, భాషనూ, సంస్కృతినీ దృష్టిలో పెట్టుకోవాలని 1992లో భారత్ చేరిన బాలల హక్కుల ఒడంబడిక 20వ అధికరణం చెబుతోంది. హేగ్ ఒప్పందం 16వ అధికరణమూ దాదాపు అదే అంటుంది. విదేశం చేరాక మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి పాప బాగోగుల మీద నివేదిక పంపాలన్నది నియమం. కాగితం మీద అన్నీ ఉన్నాయి. మా పాప ఫైల్లో బరువు, ఎత్తు, టీకాలు వరుసగా ఉన్నాయి. తిండి, నిద్ర అలవాట్ల దగ్గర మాత్రం ఒకే మాట: ‘నార్మల్’. రాత్రి ఏ ఆయమ్మ పక్కన పడుకునేది, ఏ పాట పాడితే కళ్లు మూసేది, గౌను అంచు నలపడం ఎప్పుడు మొదలైంది, ఈ మూడు సంగతులు రాయడానికి మూడు నిమిషాలు చాలు. ఆయమ్మ గొంతు ఫోన్‌లో రికార్డు చేసి ఇవ్వడానికి ఇంకో రెండు. ‘మర్చిపోతది’ అనుకున్నప్పుడు ఆ ఐదు నిమిషాలు దండగ అనిపిస్తాయి.

ఆయమ్మను అడగని నేరం శిశుగృహంవాళ్లది. నా నేరం కూడా ఒకటుంది. పాప మెదక్ వచ్చిన సాయంత్రం మా చిన్నమ్మ తలంటు పోసి, కొత్త గౌను వేసి, బుగ్గన చుక్క పెట్టింది. వచ్చినప్పుడు వేసుకున్న పాత గౌనును ‘పీడ పోయింది’ అని మూలకు విసిరింది. మర్నాడు దానితో బాబాయి స్కూటర్ తుడుస్తుంటే చూశాను. వెలిసిపోయిన నీలం గౌను, అంచు దగ్గర నలిపి నలిపి దారాలు లేచిపోయి ఉంది. ఆ పిల్లకు అంతదాకా సొంతమైనది ప్రపంచంలో ఆ గుడ్డ ఒక్కటే. ఉతక్కుండా మడిచి సూట్‌కేసులో పెట్టాల్సింది. నాకూ తోచలేదు. ఇన్ని పుస్తకాలు చదివి, నేనూ చూసి ఊరుకున్నాను.

మొన్న వీడియో కాల్‌లో చిన్నమ్మ, బాబాయి పాపను ఎంతసేపు పిలిచినా తిరిగి చూడలేదు. మరదలి మెడలో ముఖం దాచుకుని, ఆమె నైటీ కాలర్ నలుపుతూ కూర్చుంది. ‘ఇక్కడున్నప్పుడు అందరి దగ్గరికి వచ్చేది. రెండు నెలలు కాలేదు, మమ్మల్ని మర్చిపోయింది చూడు’ అని చిన్నమ్మ నొచ్చుకుంది. కాల్ కట్ చేయబోతుంటే పాప ముఖం తిప్పకుండానే ఒక చెయ్యి మాత్రం మా వైపు ఊపి, ‘తాతా, టాటా’ అన్నది. త, ట దేనికది స్పష్టంగా వినబడ్డాయి.