ఠాణాలో నిలిచిన బండి

మన అనంతపురపు ఎఱ్ఱనేలలలో పదను నాలుగుదినములకు మించి నిలువదు. వేరుసెనగ విత్తవలసిన ఆ దినములలో ట్రాక్టరు పోలీసుఠాణా ఆవరణలో నిలిచియున్నచో, రైతు వ్యాజ్యము గెలిచినను ఆ యేటి పంట ఓడినట్లే. కావున సోదా, జప్తులనుగూర్చి మా అభిప్రాయమును సభ్యులయెదుట నుంచుచున్నాము.

సోదా అక్రమమైనచో కేసు తానే కూలిపోవునని మన పల్లెలలో నొక నమ్మకము గలదు. అది పొరపాటు. సోదా క్రమము తప్పినంతమాత్రమున దొరికిన వస్తువు సాక్ష్యమునకు పనికిరాకపోదని 1974లో పూరణ్‌మల్ కేసున సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. అట్టి సాక్ష్యమును న్యాయాధిపతి మరింత జాగ్రత్తగా పరిశీలింపవచ్చును, అంతియే. కనుక రైతు మొదట చూచుకొనవలసినది వస్తువు తిరిగి చేతికి వచ్చుట.

2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారము, దర్యాప్తులో వారంటు లేక సోదాకు వచ్చు అధికారి కారణములను ముందుగా వ్రాసియుంచి, ఆ వ్రాతను 48 గంటలలోపల మేజిస్ట్రేటునకు పంపవలెను. ఇంటివారు అర్జీ పెట్టుకొన్నచో దాని నకలు ఉచితముగా దొరకును. సోదా చోట స్థానికులైన ఇద్దరు తటస్థులు సాక్షులుగా నుండవలెను. పట్టిన వస్తువుల జాబితాపై వారు వ్రాలు చేయవలెను. దాని నకలు ఇంటివారికి చెందవలెను. ఇదియంతయు వీడియో తీయవలెనని 105వ సెక్షను విధించుచున్నది. అధికారిని అడ్డగింపకుడు, అడ్డగించిన నేరము మనదగును. నకలు మాత్రము అడుగుడు. తెల్లకాగితముపై వ్రాలు చేయకుడు.

ఇక ట్రాక్టరు సంగతి. దానిని విడిపించుమని 497, 503 సెక్షనుల క్రింద మేజిస్ట్రేటునకు అర్జీ పెట్టుకొనవచ్చును. వాహనములను ఠాణాలలో ఎండకు వానకు వదలుట నిరర్థకమనియు, తగిన పూచీకత్తు గైకొని త్వరగా విడువవలెననియు 2002లో సుందర్‌భాయి దేశాయి కేసున సుప్రీంకోర్టు చెప్పియున్నది. ఠాణాచుట్టు నెలలతరబడి తిరుగువారు ఈ మాట వినియుండరని మా యనుమానము. అటవీ, ఆబ్కారీ చట్టముల క్రింద పట్టుబడిన బండ్లకు మాత్రము దారి వేరు. అచట ఆ శాఖాధికారి యెదుటకు పోవలసియుండును.

అధికారముల కెల్ల హద్దు గలదనుటకు మన రాష్ట్రపు కథయే నిదర్శనము. 1986లో స్టాంపుచట్టపు 73వ సెక్షనును సవరించి, కలెక్టరు పంపిన యెవ్వరైనను బ్యాంకులలో సయితము చొచ్చి దస్తావేజులు పట్టుకొనవచ్చునని శాసించిరి. హైకోర్టు ఆ సవరణను కొట్టివేయగా, 2004లో కెనరాబ్యాంకు కేసున సుప్రీంకోర్టు దానినే స్థిరపరచెను. తన కాగితములను బ్యాంకునకు అప్పగించినంతమాత్రమున మనుష్యుడు గోప్యతహక్కును కోల్పోడని ఆ తీర్పు భావము.

అధికారి తప్పుచేసెనని తోచినచో జిల్లా సూపరింటెండెంటునకు వ్రాతమూలకముగా ఫిర్యాదు చేయవచ్చును. హైకోర్టులో రిట్టు వేయవచ్చును. రెండవది బీదరైతునకు దూరపు మాట. స్త్రీలు, షెడ్యూలు కులములు, తెగలవారు, స్వల్పాదాయముగలవారు జిల్లా న్యాయసేవాధికార సంస్థ నాశ్రయించినచో వకీలు ఉచితముగా దొరకును.

మన సంఘములు చేయదగిన పని యొకటి గలదు. సభ్యుల ట్రాక్టరు రిజిస్ట్రేషను, భీమా కాగితముల నకళ్లను కార్యదర్శి తన పెట్టెలో నుంచుకొన్నచో, బండి పట్టుబడిన నాడే విడుదల అర్జీ సిద్ధమగును.