పాత రిపోర్టుతో కొత్త గడ్డకు మందా?

కొత్తపేట ప్రాంత రైతులకు ఒక సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. ఒకే చెట్టు కాయల నుంచి లేచిన కొబ్బరి మొక్కలు లంక ఒండ్రులో ఒక తీరుగా, చవుడు నేలలో మరో తీరుగా పెరుగుతాయి. కాన్సర్ విషయమూ అంతే. అది పాకడంలో విత్తనంతోపాటు నేల ప్రభావమూ ఉంటుందని 1889లోనే ఇంగ్లండు వైద్యుడు స్టీఫెన్ పేజెట్ చెప్పాడు.

రొమ్ములో పుట్టిన కాన్సర్ కాలేయానికో, ఎముకలకో, మెదడుకో పాకినా దాని పేరు రొమ్ము కాన్సరే. గుణం మాత్రం మారవచ్చు. మొదటి గడ్డను కరిగించిన మందుకు పాకిన గడ్డ లొంగకపోవచ్చు. ఆ మందుకు చావక మిగిలిన కణాలే తర్వాత పెరగడం ఇందుకు ఒక కారణం. మెదడులోకి చాలా మందులు సరిగా చేరకపోవడం మరో కారణం. హార్మోను మందులు పనిచేస్తాయా, హెర్-2 ప్రోటీన్ ఎక్కువగా ఉందా అన్న ఫలితాలు కూడా కొందరిలో మారుతుంటాయి.

అందుచేత వ్యాధి తిరగబెట్టినప్పుడు, వీలున్నచోట, పాకిన గడ్డకు మళ్లీ ముక్క పరీక్ష చేయించడం ఎంతైనా అవసరం. "ఒకసారి తీశారుగా, మళ్లీ ఎందుకు?" అని వెనుకాడితే నష్టపోయేది రోగే.

అయితే కూలి మానుకుని రెండోసారి విశాఖ వరకు వెళ్లడం పేదలకు మోయలేని భారం. సులువుగా అందే గడ్డలకైనా ముక్కను అమలాపురంలోనే తీసి, పెద్దాసుపత్రికి పంపి, రిపోర్టు తెప్పించే బాధ్యత ప్రభుత్వం తీసుకోవాలి. 2022లో కోనసీమ ప్రత్యేక జిల్లా అయినందుకు ఆ మాత్రం ఫలితం పేదలకు దక్కాలి. రోగులు కూడా మొదటి రిపోర్టును, మందుల చీటీలను భద్రపరచుకోవాలి.