ఇసుక సముద్రంలో మోటారు ప్రయాణం

పిల్లలూ, కిందటి నెల ఒంటె సంగతి చెప్పుకున్నాం గదా! అది చదివి ఒక కుర్రవాడు, "ఇప్పుడు మోటార్లున్నాయిగా! ఎడారి దాటటానికి ఇంకా ఒంటె గొప్పేమిటి?" అని రాశాడు. మంచి ప్రశ్నే. జవాబుగా ఒక నిజమైన కథ చెబుతాను.

ఈజిప్టు పడమటి భాగంలో మొదలై లిబియాలోకి పోయే ఒక పెద్ద ఎడారి ఉన్నది. దాన్ని "మహా ఇసుక సముద్రం" అంటారు. దాని విస్తీర్ణం సుమారు 72,000 చదరపు కిలోమీటర్లు. చెట్టు లేదు, చేమ లేదు. ఎటు చూసినా కెరటాల మాదిరిగా ఇసుక తిన్నెలే. పూర్వం పర్షియా రాజు కాంబిసెస్ పంపిన 50,000 మంది సైనికులు ఈ ప్రాంతపు ఇసుక గాలిలో కప్పబడిపోయారని హెరడోటస్ అనే గ్రీకు చరిత్రకారుడు రాశాడు.

1926లో రాల్ఫ్ బాగ్నోల్డ్ అనే బ్రిటిష్ సైనికోద్యోగి ఈజిప్టు వచ్చాడు. అప్పటికి అతని వయసు ముప్ఫై ఏళ్ళు. సెలవు దొరికితే చాలు, అతను స్నేహితులను వెంటబెట్టుకుని, సొంత డబ్బు ఖర్చు చేసుకుని, ఫోర్డు మోటార్లలో ఎడారికి బయలుదేరేవాడు. ఆ దారిలో రోడ్డు లేదు. దారి అడుగుదామంటే మనిషి లేడు. బండి చెడితే బాగుచేసే దిక్కూ లేదు.

మొదటి చిక్కు నీటితో వచ్చింది. ఎడారిలో మనిషికే కాదు, మోటారుకూ దాహం ఎక్కువే. ఇంజను వేడికి రేడియేటరులోని నీరు కుతకుత ఉడికి ఆవిరై పోతుంది. తాగే నీళ్ళు బండికి పోస్తే మనుషుల గతేమిటి? బాగ్నోల్డ్ ఒక ఉపాయం చేశాడు. రేడియేటరు నుంచి ఒక గొట్టం తెచ్చి, బండి పక్కన బిగించిన నీళ్ళ డబ్బాలో ముంచాడు. ఆవిరి డబ్బాలోకి పోయి, చన్నీళ్ళు తగిలి తిరిగి నీరయేది. డబ్బా కూడా మరగసాగితే బండిని గాలికి ఎదురుగా నిలిపేవారు. రేడియేటరు చల్లబడి, లోపలి ఆవిరి నీరుగా మారి, ఖాళీ ఏర్పడేది. వెంటనే డబ్బాలోని నీరు గుటగుటమంటూ తిరిగి రేడియేటరులోకి ఎక్కేది!

రెండో చిక్కు దిక్కు తెలియకపోవటం. దిక్సూచి ఉన్నదిగా అంటారేమో! మోటారులో అంతా ఇనుమే. ఇనుము దగ్గిర దిక్సూచి ముల్లు తప్పు చూపిస్తుంది. అందుకని బాగ్నోల్డ్ ఎండ దిక్సూచి వాడాడు. అది గుండ్రటి పలక, మధ్య నిలువుగా ఒక సన్నని సూది. సూది నీడ పలక మీది గీతలపై ఎక్కడ పడుతున్నదో చూస్తూ బండి నడపాలి. పొద్దు కదిలినకొద్దీ పలకను కూడా లెక్కప్రకారం తిప్పుతూ ఉండాలి. నీడకు ఇనుముతో పనిలేదు గదా!

మూడో చిక్కు చక్రాలు ఇసుకలో కూరుకుపోవటం. కైరోలో ఒక పాత ఇనప సామాన్ల దుకాణంలో బాగ్నోల్డుకు దోనెల్లాంటి ఉక్కు రేకులు కనబడ్డాయి. వాటిని దిగబడిన చక్రాల ముందు పరచి, బండిని నెట్టి, మళ్ళీ రేకులు తీసి ముందు వేసేవారు. టైర్లలో గాలి కూడా కొంత తగ్గించేవారు. గాలి తగ్గితే టైరు వెడల్పుగా పరుచుకుని, ఇసుకపై తేలినట్టు పోతుంది.

ఆ యాత్రల్లోనే ఒకసారి ఎదురుగా గోడలాంటి తిన్నె వచ్చింది. బాగ్నోల్డ్ బండిని వేగంగా దాని మీదికే పోనిచ్చాడు. పక్కన ఒక మిత్రుడు బండి పట్టుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు. బండి బోల్తాపడితే ఇద్దరి పనీ అంతే. నడిచి పోగల దూరంలో గుక్కెడు నీళ్ళు లేవు. కాని బండి కూరుకుపోలేదు! పక్షిలా నున్నగా పైకి ఎక్కిపోయింది.

దీనికి కారణం ఉన్నది. గాలి వీచే వైపున ఇసుక బాగా అణిగి గట్టిపడుతుంది. అటువైపు వాలు కూడా తక్కువ. రెండో వైపున ఇసుక జారిపడి వదులుగా, నిట్రంగా ఉంటుంది. ఎక్కినవాడు ఆ ఊపులోనే శిఖరం దాటితే తలకిందులే! మిట్టమధ్యాహ్నం నీడలు లేక ఆ అంచు కంటికి ఆనదు. అందుచేత శిఖరం దగ్గిర ఆగి, దిగి చూసుకోవాలి. ఎక్కటానికి ధైర్యం కావాలి, ఆగటానికి బుద్ధి కావాలి.

చీకటి పడితే బళ్ళ పక్కనే ఇసుక మీద పడక. అయితే అందరూ వెంటనే నిద్రపోయేవారు కాదు. బిల్ కెనెడీ షా అనే మిత్రుడు నక్షత్రాల ఎత్తు కొలిచి, తామెక్కడ ఉన్నదీ లెక్కగట్టేవాడు. ఆ లెక్క తప్పితే మర్నాటి దారి తప్పుతుంది.

1929, 1930, 1932 సంవత్సరాల యాత్రల్లో వాళ్ళు వేలకొద్దీ మైళ్ళు తిరిగారు. తరవాత బాగ్నోల్డ్ ఒక గాలి సొరంగం కట్టి, ఇసుక రేణువులు ఎలా ఎగిరి గెంతుతాయో పరీక్షించి, 1941లో పుస్తకం ప్రచురించాడు. 1990లో చనిపోయాడు. అంగారక గ్రహం మీద కొన్ని తిన్నెలకు శాస్త్రజ్ఞులు అతని పేరు పెట్టారు. 2015లో "క్యూరియాసిటీ" అనే యంత్రం ఆ తిన్నెల దగ్గిరికి చేరింది.

ఇక మన కుర్రవాడికి జవాబు. ఒంటె పాదం వెడల్పు. టైరును అలా చెయ్యవలసివచ్చింది. ఒంటె తన ఊపిరిలోని తేమను ముక్కులోనే తిరిగి పట్టుకుంటుంది. రేడియేటరుకు ఆ విద్యే నేర్పవలసివచ్చింది. మోటారు ఎడారి దాటింది నిజమే, కాని ఒంటె దగ్గిర ఉన్న విద్యలు తనకూ అబ్బాకనే!

మీరు చేసి చూడండి: పొడి ఇసుకను కాగితపు పొట్లంలో పోసి, కింద చిన్న చిల్లి పెట్టి, ఒకేచోట కుప్పగా కారనివ్వండి. కుప్ప పెరుగుతుంది గాని, దాని వాలు ఒక హద్దు దాటి నిట్రం కాదు. పై ఇసుక జారిపోతుంది. కోణమాపకంతో కొలవండి. సుమారు 34 డిగ్రీలు వస్తుంది. బాగ్నోల్డ్ శిఖరం మీద ఆగి కిందికి చూసిన వాలు కూడా ఇంచుమించు అంతే!