సముద్రంలో బావి, పొలంలో పైపు

2025 ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి ప్రధాని లోతు సముద్రంలో చమురు, గ్యాసు వెతకడానికి జాతీయ మిషన్ ప్రకటించారు. దాన్ని సముద్ర మథనంతో పోల్చారు. పోలిక బాగానే ఉంది. అమృతం ఎవరికి దక్కింది, హాలాహలం ఎవరు మింగారు అన్నది అందరూ మాట్లాడుకునేదే. కవ్వానికి తాడుగా కట్టిన వాసుకి ఒళ్లు ఎంత ఒరుసుకుపోయిందో మాత్రం ఎవరూ అడగరు. ఈ మథనంలో ఆ తాడు మన పొలాల కింద నుంచి పోయే పైపు.

లోతు సముద్రం అంటే 400 మీటర్లకు మించి నీళ్లున్న చోటు. కాకినాడకు ఎదురుగా కృష్ణా గోదావరి బేసిన్‌లో రెండు వేల మీటర్ల నీటి అడుగున కూడా ఇప్పుడు బావులున్నాయి. కడలి మధ్యలో ఎవరో తవ్వుకుంటే రైతు సంఘానికేం పని అని మన సభ్యులే కొందరు అడుగుతున్నారు. చమురైతే సముద్రంలోనే ఓడలోకి ఎక్కించి పంపించవచ్చు. 2024 జనవరిలో ఓఎన్‌జీసీ 98/2 బ్లాకులో చమురు తీయడం మొదలుపెట్టింది అలాంటి ఓడలోకే. గ్యాసు సంగతి వేరు. దానికి పైపు కావాలి, ఆ పైపు ఒడ్డుకు రావాలి, ఒడ్డున శుద్ధి కేంద్రం కావాలి, అక్కడి నుంచి ఫ్యాక్టరీలకు మళ్లీ పైపు కావాలి. తాళ్లరేవు మండలం గాడిమొగలో రిలయన్స్ కేంద్రం, అల్లవరం మండలం ఓడలరేవులో ఓఎన్‌జీసీ కేంద్రం అలా వచ్చినవే. కాకినాడ దగ్గర బయలుదేరిన పెద్ద లైను తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్ర దాటి గుజరాత్‌లోని భరూచ్ దాకా దాదాపు 1,400 కిలోమీటర్లు పోతుంది. ఆ దారిలో ఉన్నది ఎక్కువగా సాగు భూములే.

వెనకటి అనుభవం ఒకసారి గుర్తుచేసుకోవాలి. కేజీ డి6లో గ్యాసు పడిందని 2002లో ప్రకటించారు. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. 2010కి రోజుకు 60 మిలియన్ ఘనపు మీటర్లు దాటింది. ఇంకేముంది, ఆంధ్రకు కరెంటు కొరత తీరినట్టే, ఎరువుకు కరువు లేనట్టే అన్నారు. ఆ మరుసటేడు నుంచే తగ్గుముఖం పట్టింది. మొదట తవ్విన డి1, డి3 క్షేత్రాలు 2020 ఫిబ్రవరిలో పూర్తిగా మూతపడ్డాయి. ఆ గ్యాసును నమ్ముకుని గోదావరి జిల్లాల్లో కట్టిన విద్యుత్ కేంద్రాలు ఏళ్ల తరబడి ఖాళీగా పడున్నాయి. 2012, 13 ఎండాకాలాల్లో మోటార్లకు కరెంటు కోసం అర్ధరాత్రి చేల గట్ల మీద కూర్చున్నవాళ్లకు ఆ లెక్క ఎవరూ వివరించనక్కర్లేదు.

ఖర్చు లెక్క ఇంకా చిత్రం. 2004లో ఆ క్షేత్రం అభివృద్ధికి 2.39 బిలియన్ డాలర్లు చాలన్నారు. 2006కి అది రెండు దశల్లో కలిపి 8.8 బిలియన్లయింది. తీస్తామన్న గ్యాసు రెండింతలైతే, పెడతామన్న ఖర్చు మూడున్నర రెట్లు దాటింది. అప్పటి ఒప్పందం ప్రకారం కంపెనీ పెట్టిన ఖర్చు ముందు తిరిగి వచ్చాకే ప్రభుత్వంతో లాభం పంచుకోవడం. ఖర్చు పెంచుకుంటూ పోతే సర్కారు వాటా వెనక్కి జరిగే ఈ పద్ధతిని 2011లో కాగ్ తప్పుపట్టింది. సరిగ్గా అదే ఏడాది కోనసీమలో రైతులు పెట్టుబడి కూడా రావడం లేదని ఖరీఫ్‌లో పంట విరామం ప్రకటించారు. గ్యాసు తీసేవాడికి ఖర్చు ముందు, లాభం తర్వాత. వడ్లు పండించేవాడు ఖర్చు మీద సగం కలిపి మద్దతు ధర ఇమ్మంటే ఖజానా తట్టుకోదంటారు.

ఆ తర్వాత 2016లో పద్ధతి మార్చారు. ఖర్చు తిరిగిచ్చే పద్ధతి తీసేసి ఆదాయంలో వాటా పెట్టారు. దాంతోపాటు కొత్త లోతు సముద్రపు బ్లాకులకు తొలి ఏడేళ్లు రాయల్టీయే లేదన్నారు. ఆ తర్వాతైనా 5 శాతం, మరీ లోతైతే 2 శాతం. ఏడేళ్లంటే ఒక క్షేత్రం గ్యాసు ఎక్కువగా ఇచ్చే కాలం. డి6 ఎంత తొందరగా తగ్గిపోయిందో చూశాం కదా.

ఆ వచ్చే రాయల్టీ అయినా మన రాష్ట్రానిది కాదు. నేల మీద బావుల రాయల్టీ రాష్ట్రాలకు వస్తుంది. సముద్రం అడుగున ఉన్నదంతా రాజ్యాంగం 297వ అధికరణం ప్రకారం కేంద్రానిది. అంబానీ సోదరుల తగవులో 2010 మే 7న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా గ్యాసు దేశ ప్రజల ఆస్తి, ప్రభుత్వం దాన్ని ప్రజల తరఫున చూసుకోవాలి అన్న మాట మీదే నిలబడింది. మంచి మాటే. సముద్రం దేశమంతటిదీ అంటే మనకు పేచీ లేదు. పైపు పడ్డ పొలం మాత్రం దేశమంతటిది కాదు. దానికి పట్టాదారు పాసు పుస్తకం ఉంది, అందులో ఒక రైతు పేరు ఉంది.

ఆ రైతు పేరున్న పొలంలోకి పైపు ఏ చట్టంతో వస్తుంది? 1962లో చేసిన పెట్రోలియం పైపులైన్ల చట్టంతో. అది భూమిని కొనదు, సేకరించదు. 'వాడుక హక్కు' మాత్రం తీసుకుంటుంది. భూమి మీదే, మీరే సాగు చేసుకోండి, మేం కింద నుంచి పైపు వేసుకుంటాం అంటుంది. వినడానికి బాగుంటుంది. తొమ్మిదో సెక్షన్ చదివితే అసలు సంగతి తెలుస్తుంది. వాడుక హక్కు పోయిన పట్టీలో ఇల్లుగానీ మరే కట్టడంగానీ కట్టకూడదు. చెరువు, బావి తవ్వకూడదు. చెట్టు నాటకూడదు. వరి పండించే చోట ఇది కొంతవరకు సర్దుకోవచ్చు. కోనసీమలో కొబ్బరి తోట ఉన్నవాడికి చెట్టు నాటొద్దంటే ఇంకేం మిగిలినట్టు? మామిడి, జామ, ఆయిల్ పామ్ రైతుకైనా అంతే. బోరు తవ్వుకోలేని మెట్ట రైతుకైనా అంతే.

దీనికి ఇచ్చేదెంత? పదో సెక్షన్ ప్రకారం నరికిన చెట్లకు, పాడైన పంటకు నష్టం కట్టిస్తారు. అది కాక ఆ పట్టీ మార్కెట్ విలువలో 10 శాతం. ఒక్కసారి. అంతే.

లెక్క కోసం అనుకుందాం. ఎకరం 20 లక్షల విలువ కట్టిన కొబ్బరి తోటలో 20 సెంట్లు పైపు కిందకు పోయాయి. వాటి విలువ 4 లక్షలు, అందులో 10 శాతం 40 వేలు. ఆ 20 సెంట్లలో పన్నెండు చెట్లుంటే, చెట్టుకు ఏడాదికి 80 కాయలు, కాయ 10 రూపాయలకే వేసుకున్నా ఏటా 9,600 రూపాయల కాయ. నాలుగేళ్లు తిరిగేసరికి ఆ 40 వేలు చెల్లు. కొబ్బరి చెట్టు తాత నాటితే మనవడు కాయ దింపుకునేది. నరికిన చెట్టుకు డబ్బు ఇచ్చారు సరే, నాటనివ్వని చెట్టుకు ఎవరిస్తారు? పోనీ అమ్ముకుందామా అంటే, పైపు ఉన్న చేను అని తెలిసిన మరుక్షణం కొనేవాడు ధర తగ్గిస్తాడు. రిజిస్ట్రేషన్ పుస్తకంలో విలువకూ బయట పలికే ధరకూ ఉన్న తేడా సంగతి ఇక్కడ ఎత్తనే లేదు.

ఈ చట్టాన్ని 2011లో సవరించారు. దేనికి? పైపుకు కన్నం పెట్టి దొంగిలించేవాళ్లకు శిక్షలు కఠినం చేయడానికి. ఆ పది శాతాన్ని ముట్టుకోలేదు. 2013లో కొత్త భూసేకరణ చట్టం వచ్చినప్పుడు కూడా దీన్ని నాలుగో షెడ్యూలులో పెట్టి పక్కన ఉంచారు.

ప్రభుత్వం తలచుకుంటే ఇవ్వలేదా అంటే, ఇవ్వగలదు. పెద్ద కరెంటు లైన్ల విషయంలో కేంద్ర విద్యుత్ శాఖ 2024 జూన్‌లో మార్గదర్శకాలు మార్చింది. టవరు కాళ్ల కింద పోయే నేలకు భూమి విలువకు రెట్టింపు, తీగల కింద పట్టీకి 30 శాతం ఇవ్వాలంది. పైన తీగ పోతే 30, కింద గ్యాసు పోతే 10. పక్క చేలో సెల్ టవరు పెట్టిన కంపెనీ అద్దె కడుతుంది. మన ఊళ్లో ఎకరం కౌలుకు చేసే పేద రైతు పంట పోయినా కౌలు కట్టక తప్పదు. కౌలు లేకుండా తరతరాలు భూమి వాడుకునే వీలు ఈ దేశంలో పైపుకు మాత్రమే ఉంది.

పైగా ఆ భయం ఒకటి. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరంలో గెయిల్ పైపు పేలి ఇరవై మందికి పైగా కాలిపోయారు. చుట్టూ కొబ్బరి చెట్లు నిలువునా మాడిపోయాయి. పొడి గ్యాసు కోసం వేసిన లైనులో తేమ ఉన్న గ్యాసు పంపడంతో లోపల తుప్పు పట్టిందని తర్వాత విచారణలో తేలింది. అది నేల బావుల గ్యాసే, లోతు సముద్రానిది కాదు. తుప్పుకు ఆ తేడా తెలియదు. 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండినప్పుడు ఊళ్లు ఖాళీ చేసి పోయినవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. పైపు పక్కన బతికే భయానికి పది శాతంలో ఎంత వాటా కట్టారో ఆ చట్టం రాసినవాళ్లే చెప్పాలి.

మత్స్యకారులను చూడండి. ఓడలరేవు దగ్గర ఓఎన్‌జీసీ సముద్రంలో పైపు వేస్తున్నప్పుడు వేట పోయిందని కోనసీమ, కాకినాడ తీరంలోని 23,458 కుటుంబాలకు 2022లో నెలకు 11,500 రూపాయల చొప్పున నాలుగు నెలలకు పరిహారం ఇప్పించారు. దాదాపు 108 కోట్లు. అది చాలిందని కాదు, తేలిగ్గా వచ్చిందని అంతకంటే కాదు. కానీ జీవనం పోయిన కాలానికి నెల లెక్కన కట్టాలి అన్న సూత్రం అక్కడ ఒప్పుకున్నారు. రైతు దగ్గరకు వచ్చేసరికి అదే కంపెనీలు, అదే ప్రభుత్వం 1962 నాటి పుస్తకం తెరుస్తాయి. పడవలున్నవాళ్లు ఒక్క రేవులో కలుస్తారు. పైపు దారిలో రైతులు మాత్రం ఊరికి నలుగురు, ఐదుగురుగా వందల కిలోమీటర్ల పొడవునా చెదిరి ఉంటారు. మన బలహీనత అక్కడుంది.

తవ్వకాలే వద్దని నేను అనను. దేశానికి కావలసిన చమురులో నూటికి ఎనభై వంతులకు పైగా బయటి నుంచి కొంటున్నాం. మన యూరియా ఫ్యాక్టరీలు నడిచేది గ్యాసు మీదే, అందులో పెద్ద భాగం ఓడల్లో దిగుమతి అయ్యేదే. రామగుండం ఫ్యాక్టరీ ఆగినప్పుడల్లా యూరియా బస్తా కోసం క్యూలో చెప్పులు పెట్టి నిలబడేది మనమే. మన తీరంలో గ్యాసు దొరికితే మనకే మంచిది. కాబట్టి అడగాల్సింది స్పష్టంగా అడగాలి. వాడుక హక్కుకు ఒక్కసారి పది శాతం కాదు, పైపులో గ్యాసు పారినన్నాళ్లూ ఏటా కౌలు కట్టాలి. ధరలతోపాటు ఆ కౌలు పెరగాలి. తోట భూమికి చెట్టు లెక్కన కట్టాలి. 1962 చట్టం పదో సెక్షన్ మార్చకుండా కొత్త మిషన్ పేరుతో కొత్త పైపు వేయడానికి ఒప్పుకోకూడదు. మన ఎంపీలను ఈ ఒక్క సెక్షన్ మీద నిలదీయాలి. సముద్రంలో రాయల్టీ వాటా కోసం రాష్ట్ర ప్రభుత్వం ఢిల్లీతో ఎటూ పోరాడాలి, అది వేరే పోరాటం.

చట్టం మారే దాకా చేతిలో ఉన్నదాన్ని వదులుకోవద్దు. గెజిట్ ప్రకటన వచ్చిన తర్వాత అభ్యంతరం చెప్పడానికి 21 రోజులే గడువు. చాలామందికి ప్రకటన పడిన సంగతే గడువు దాటాక తెలుస్తోంది. అభ్యంతరం రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు రశీదు తీసుకోవాలి. ఇల్లున్న స్థలం, ఇంటి దొడ్డి, పక్కా కట్టడం ఉన్న చోటు కింద నుంచి పైపు వేయకూడదనీ, ఎక్కడైనా మీటరు లోతుకు తక్కువ కాకూడదనీ ఏడో సెక్షన్ చెబుతోంది. పరిహారం చాలదనిపిస్తే జిల్లా జడ్జి దగ్గరకు వెళ్లే హక్కు ఉంది. యంత్రాలు దిగకముందే పట్టీలోని ప్రతి చెట్టునూ లెక్కపెట్టి, వయసు రాసి, ఫోటోలు తీసి, వీఆర్వో చేత సంతకం పెట్టించుకోండి. ఒక నకలు మండల సంఘం కార్యాలయంలో ఇవ్వండి. పక్క ఊళ్ల వాళ్లవి కూడా అక్కడే చేరితే, అందరం ఒకే అర్జీతో వెళ్లవచ్చు.