సెక్యులర్ అంటే ఏ ఖాతా?

మా హౌసింగ్ సొసైటీ జనరల్ బాడీ మీటింగులో ఒక ప్రశ్న వేశాను. జాగరణ్‌కి వేసిన టెంటు, మైకులు, పూరీ-హల్వా ఖర్చు అందరి మెయింటెనెన్స్ డబ్బులోంచి ఎందుకు పోయిందని. రెండో లిఫ్టు బాగుచేయించడానికి నిధులు లేవన్న నోటీసు అప్పటికింకా గోడ మీదే ఉంది. సెక్రటరీగారు తడుముకోలేదు. "అంకుల్‌జీ, మనది సెక్యులర్ సొసైటీ. డిసెంబర్లో క్రిస్మస్ చెట్టు కూడా పెడుతున్నాం కదా!" అన్నారు హిందీలో. చప్పట్లు మోగాయి. నేను కూర్చున్నాను.

కూర్చున్నాను గాని, ఆ మాట నన్ను వదల్లేదు.

నిజానికి ఈ మాట నాకు మొదట పరిచయమైంది మతం సందర్భంలో కాదు, బీకాం స్టాటిస్టిక్స్ క్లాసులో. సీజనల్ మార్పులు, సైక్లికల్ మార్పులు, వాటి పక్కన 'సెక్యులర్ ట్రెండ్'. ఏళ్ళ తరబడి నిలిచే దీర్ఘకాలిక ధోరణి అని అర్థం. ఆ రోజుల్లోనే, 1976 నాటి 42వ సవరణతో, అదే మాట రాజ్యాంగ పీఠికలోకి ఎక్కింది. రెంటికీ సంబంధం ఏమిటని అడిగితే, పరీక్షలో రాదులే అన్నారు మా మాస్టారు.

సంబంధం ఉంది. లాటిన్‌లో 'సెక్యులమ్' అంటే ఒక తరం, ఒక యుగం, మనిషి నిండు ఆయుష్షంత కాలం. క్రీ.పూ. 17లో అగస్టస్ చక్రవర్తి రోములో జరిపించిన 'సెక్యులర్' క్రీడలు బలులతో, ప్రార్థనలతో నిండిన మతోత్సవం! తర్వాత క్రైస్తవ మఠాల వాళ్ళు శాశ్వతమైన పరలోకానికి ఎదురుగా ఈ కాలాన్నీ ఈ లోకాన్నీ ఆ మాటతో పిలిచారు. మఠ నియమాల్లో బతికేవాళ్ళు 'రెగ్యులర్' గురువులు, ఊళ్ళో జనం మధ్య ఉండేవాళ్ళు 'సెక్యులర్' గురువులు. అంటే చర్చి లెక్కలో ఊరి ఫాదరీ కూడా సెక్యులరే. ఇక 'సెక్యులరిజం' అన్న మాటను 1851లో పుట్టించినవాడు ఇంగ్లండుకు చెందిన జార్జ్ జాకబ్ హోల్యోక్. అంతకు ముందే, 1842లో, దైవదూషణ నేరానికి ఆరు నెలలు జైల్లో ఉన్నవాడు.

ఇన్ని అర్థాల్లో ఎక్కడా 'అన్ని పండగలూ చేసుకోవడం' లేదు. అది మన దేశంలో చేరింది. 1978లో జనతా ప్రభుత్వం తెచ్చిన సవరణ బిల్లులో సెక్యులర్ అంటే అన్ని మతాలకూ సమాన గౌరవం అని నిర్వచించబోయారు. లోక్‌సభ ఒప్పుకుంది, రాజ్యసభ కొట్టేసింది. పీఠికలోంచి ఆ మాటను తీసేయాలన్న పిటిషన్లను 2024 నవంబర్ 25న సుప్రీంకోర్టు కొట్టేసింది. మాట ఉంది, రాజ్యాంగంలో నిర్వచనం లేదు. తమాషా ఏమిటంటే, రాజ్యసభలో ఓడిన నిర్వచనమే మా సెక్రటరీగారి దాకా అందరి నోటా గెలిచింది.

చాలామంది గమనించనిది ఇంకొకటి ఉంది. ఈ మాట 1976లో కొత్తగా రాలేదు. 1950 నుంచీ 25వ అధికరణం రెండో ఖండంలో ఉంది. మతాచరణతో ముడిపడిన ఆర్థిక, ద్రవ్య, రాజకీయ లేదా ఇతర 'సెక్యులర్' కార్యకలాపాలను ప్రభుత్వం నియంత్రించవచ్చు అని. హిందీ ప్రతిలో పీఠికలోని మాట 'పంథ్‌నిరపేక్ష్', ఇక్కడి మాట 'లౌకిక్'. ఒకే పుస్తకంలో ఒకే ఇంగ్లీషు మాటకు రెండు అనువాదాలు! మన తెలుగు పీఠికలో మాత్రం లౌకికమే. లోకం నుంచి పుట్టిన మాట, సెక్యులమ్‌కి దగ్గర చుట్టం. (లౌక్యం కూడా అదే ఇంటిది. మన నాయకులకు అబ్బింది అదేననుకుంటాను.)

నాకు పనికొచ్చేది ఈ రెండో అర్థం. దేవుడికి దండం పెట్టడం మతం. హుండీ డబ్బు లెక్కపెట్టడం, టెండరు పిలవడం, జీతం ఇవ్వడం లౌకికం. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ దేవాదాయ చట్టం అర్చకుల వంశపారంపర్య హక్కును రద్దు చేస్తే, 1996లో నారాయణ దీక్షితులు కేసులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. పూజ చేయడం మతమే గాని, అర్చకుణ్ణి నియమించడం లౌకిక వ్యవహారమేనంది. పీఠికలోని మాట కోసం ఏళ్ళ తరబడి కొట్లాడుకుంటున్నాం. ఇంత పని చేసిన ఈ ఖండాన్ని మన హేతువాద మిత్రులే పెద్దగా తలచుకోరు.

మా సొసైటీ ప్రభుత్వం కాదు, ఆ అధికరణం మాకు నేరుగా వర్తించదు. అయినా లెక్క లెక్కే. మేనేజింగ్ కమిటీకి ఉత్తరం రాశాను. ఏ మత కార్యక్రమానికైనా ఇష్టమున్నవాళ్ళ దగ్గర విడిగా చందా తీసుకోండి, విడి రసీదు పుస్తకం పెట్టండి, మెయింటెనెన్స్ ఖాతా ముట్టుకోకండి అని.

సెక్రటరీగారు ఫోన్ చేశారు. "అంకుల్‌జీ, అయితే క్రిస్మస్ చెట్టు కూడా తీసేయమంటారా?"

"చెట్టు ఉండనివ్వండి," అన్నాను. "దాని బిల్లు కూడా ఆ రెండో పుస్తకంలోనే రాయండి."