దెయ్యం ఎవరిని భయపెట్టాలి?

మన ఫెస్టుల్లో షార్ట్ ఫిల్మ్ పోటీ అంటే సగం దెయ్యం కథలే. ఒక పాడుబడ్డ ఇల్లు, ఒక సెల్‌ఫోన్, నలుగురు దోస్తులు ఉంటే పని అయిపోతుంది. ఈసారి మావాళ్లు హారర్‌కి కౌబాయ్‌ని కలుపుదామన్నారు. ఐడియా నాకు భలే నచ్చింది. కానీ చర్చంతా టోపీలు ఎక్కడ దొరుకుతాయి, గుర్రం కిరాయి ఎంత అన్న దగ్గరే ఆగిపోయింది. నా అభ్యంతరం అక్కడే.

తెలుగులో కౌబాయ్ కొత్తేం కాదు. 1971లోనే కృష్ణ గారి ‘మోసగాళ్లకు మోసగాడు’ వచ్చింది. రచన ఆరుద్ర, దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్. రాజస్థాన్ ఎడారి దాకా పోయి తీశారు. తర్వాత ‘కొదమసింహం’, ‘టక్కరి దొంగ’ వచ్చాయి. అన్నీ పెద్ద హీరోల సినిమాలే. ఆ ఎడారి, ఆ గుర్రాలు మన జేబుకు అందవు.

అసలు వెస్టర్న్ అంటే టోపీనా? చట్టం చేరని ఊరు, తుపాకీ ఉన్నోడిదే తీర్పు. వెస్టర్న్ అంటే అదీ. అలాంటి ఊళ్లను మనం అరువు తెచ్చుకోనక్కర్లేదు. నిజాం కాలంలో ఇక్కడ దొర మాటే చట్టం. వెట్టి చేయించుకున్నారు, భూములు గుంజుకున్నారు. 1946 నుంచి 1951 దాకా నడిచిన సాయుధ పోరాటంలో సూర్యాపేట, మిర్యాలగూడ ప్రాంతాలు ముందు వరసలో ఉన్నాయి. కూలిన గడి గోడ ముందు కెమెరా పెడితే హారర్, వెస్టర్న్ రెండూ ఒకే ఫ్రేములోకి వస్తాయి.

డబ్బుల సంగతంటారా? అమెరికాలో 2015లో వచ్చిన ‘బోన్ టొమహాక్’ హారర్ వెస్టర్నే. హాలీవుడ్ లెక్కలో చాలా చిన్న బడ్జెట్. నలుగురు మనుషుల ప్రయాణమే సినిమాలో చాలా భాగం. రాక్షసుల్లాంటి ఆ మనుషులు మనకు సరిగ్గా కనబడేది చివర్లోనే. చూపించకపోవడానికి ఖర్చుండదు కదా! రాత్రిపూట పొలం మోటారు చప్పుడు, మిర్యాలగూడ రైస్ మిల్లుల హోరు మనకు ఉచితం. ఇక స్టార్లు లేకుండా మన పోరాటాన్ని తీయొచ్చని 1979లోనే ‘మా భూమి’ చూపించింది. గౌతమ్ ఘోష్ దర్శకత్వం, బి. నర్సింగరావు నిర్మాణం, హీరో కొత్త కుర్రాడు సాయిచంద్.

“తాతలు పడ్డ కష్టాన్ని దెయ్యం కథ చేసి విజిల్స్ వేయించుకుంటామా?” అని కోదాడ దోస్తు ఒకడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఇదీ. మన హారర్ సినిమాల్లో అన్యాయంగా చచ్చిన ఆడమనిషి దెయ్యమవుతుంది. కానీ ఆమెను చూసి వణికేది మాత్రం ఆ ఇంట్లో కొత్తగా దిగిన అమాయకులు. దొర హాయిగానే పోయుంటాడు. ఆ లెక్క తిరగేయాలి. వెట్టిలో చచ్చిన మనిషి కూలోళ్ల జోలికి రావొద్దు. గడిలో నిద్రపోయే దొరను లేపాలి. ఇవాళ ఆ జాగాను ప్లాట్లు చేసి అమ్ముకునే మనవణ్ని లేపాలి. అప్పుడు అది వినోదమొక్కటే కాదు, బాకీ వసూలు.

కాబట్టి టోపీలు వెతకడం ఆపి, ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ముసలోళ్ల పక్కన కూర్చోండి. ఆ రోజులు కళ్లారా చూసినోళ్లు ఇంకా కొద్దిమందే మిగిలారు. వాళ్ల మాటలు ఫోన్లో రికార్డు చేసుకోండి. స్క్రిప్టు అందులోంచి రావాలి. ఖర్చు బస్సు చార్జీ అంతే.